పందిని చూడని కంప్యూటర్

లుపేసినా పెద్దమ్మ మా బడి మెట్లెక్కి వచ్చేసరికి నేను మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. ఆమె నా వైపు చూడనైనా చూడలేదు. నేరుగా పెనియామినా మాష్టారి గదికి వెళ్ళి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, ఫోన్ ఎత్తి అతని ముఖం ముందు పెట్టింది.

"నీ పంది ఇందులో ఉంది. బయటికి తియ్యి," అంది.

సమోవా దేశపు సవాయి దీవిలో మా ఊరంతటికీ కంప్యూటర్ ఒక్కటే. ప్రింటరూ ఒక్కటే. ఆ రెండింటినీ నడపడం తెలిసిన మనిషీ ఒక్కడే, పెనియామినా. మూడు వారాలుగా పెద్దమ్మ చేమతోట మేస్తున్న నల్లపంది కూడా అతనిదే. ఆ సంగతి తేల్చడానికి ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు ఊరి పెద్దల సభ.

సభలో ఫోన్ చూపిస్తే చెల్లదు. కిందటిసారి ఎవరిదో ఫోన్ చేతులు మారుతూ పోయి, ఒక పెద్దాయన వేలు తగిలి ఫోటో కాస్తా చెరిగిపోయింది. ఇంకో పెద్దాయన మధ్యలో వచ్చిన కాల్ ఎత్తి, అవతల ఎవరో తెలియకపోయినా పావుగంట కబుర్లాడాడు. అప్పటినుంచి ఏదైనా కాగితం మీదే తెమ్మన్నారు. మెసేజిలో కంప్యూటర్‌కి పంపుదామా అంటే, గాలివానకు టవర్ పడిపోయి నాలుగు రోజులైంది. ఇక మిగిలింది వైరొక్కటే.

నేను పిల్లల్ని ఆటకు వదిలేసి మాష్టారి గదికి పరుగెత్తాను. ఇలాంటి వేడుక వదులుకునేంత క్రమశిక్షణ నాకెప్పుడూ లేదు.

"ఫోన్ ఇలా ఇవ్వు పెద్దమ్మా," అన్నాడు పెనియామినా.

"ఇవ్వను. వైరు నువ్వు పట్టుకో, ఫోన్ నేను పట్టుకుంటాను. నీ ముక్కు తుడిచి పెంచినదాన్నిరా, నీ సంగతి నాకు తెలీదూ? ఇట్టే చెరిపేసి, అయ్యో పోయిందే అంటావు."

అతను వైరు పెట్టాడు. ఫోన్ మీద ఛార్జింగ్ గుర్తు వెలిగింది. కంప్యూటర్ మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"చూశావా మసీనా," అంది పెద్దమ్మ నాతో. "పంది యజమాని కంప్యూటర్ కూడా పంది పక్షమే."

"ఈ వైరు కరెంటు ఎక్కించడానికే పనికొస్తుంది పెద్దమ్మా. ఫోటోలు ఇందులోంచి రావు."

"వైరుకి లోపల చిల్లు ఉండగా కరెంటొకటే వస్తుందా? ఫోటోలు లావుగా ఉంటాయా?"

పెనియామినా కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాడు. అది లేవడానికి ఎంతసేపు పడుతుందంటే, ఈలోగా నేను వెళ్ళి ముగ్గురికీ కోకో కాచి తెచ్చాను. అప్పటికీ తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి.

పాస్టరు గారి భార్యను అడిగి మంచి వైరు తెచ్చాను. దానితోనూ అంతే. ఈసారి ఛార్జింగ్ గుర్తు కూడా ఒకసారి వచ్చి ఒకసారి పోతోంది. పెనియామినా నేల మీద బోర్లా పడుకుని, పెద్దమ్మ ఒళ్ళో ఉన్న ఫోన్ కన్నంలోకి టార్చి వేసి చూశాడు.

"ఇందులో ఏం పెట్టావు పెద్దమ్మా?"

"నేనెందుకు పెడతాను? రొమ్ము దగ్గర దోపుకుంటాను, అంతే."

చీపురుపుల్ల చివర సన్నగా చెక్కి, ఫోన్ ఆపించి, మెల్లగా గీకాడు. పౌడరూ నూలుపోగులూ కలిసి గట్టిపడిన ఉండ ఒకటి ఊడి పడింది. పెద్దమ్మ దాన్ని వేళ్ళతో నలిపి, వాసన చూసి, "చర్చికి రాసుకునే పౌడరే," అని ఒప్పుకుంది.

మళ్ళీ వైరు పెట్టాడు. కంప్యూటర్ టింగుమంది. ముగ్గురం ఒక్కసారే "హా" అన్నాం. తెర మీద ఫోన్ పేరు వచ్చింది. పెనియామినా తెరిచాడు. లోపల ఖాళీ. ఒక్క ఫోటో లేదు.

"తినేశావురా!" అని పెద్దమ్మ లేచి నిలబడింది.

"బైబిల్ మీద ప్రమాణం పెద్దమ్మా, నేనేం ముట్టుకోలేదు!"

"నీ పంది నా చేమ తింది, నువ్వు నా ఫోటో తిన్నావు!"

వైరు తీశాడు, పెట్టాడు. టింగ్. ఖాళీ. మళ్ళీ తీశాడు, పెట్టాడు. టింగ్. ఖాళీ. పాపం, అతని చొక్కా వీపంతా తడిసిపోయింది. ఒంటి గంట దాటింది. మామూలుగా అయితే ఫోటో రాకపోతే అతనికే మేలు. కానీ అప్పటికి అతనికి పంది గొడవ గుర్తున్నట్టు లేదు. మిషన్ తన మాట వినడం లేదన్న ఉక్రోషమే కనబడుతోంది.

ఐదోసారి పెట్టినప్పుడు నేను తెర వైపు కాకుండా పెద్దమ్మ చేతి వైపు చూశాను. టింగుమన్న క్షణంలోనే ఆమె బొటనవేలు టపీమని ఫోన్ మీద పడింది.

"పెద్దమ్మా, ఇప్పుడేం నొక్కావు?"

"ఏదో అడిగింది. వద్దన్నాను."

"ఏమడిగింది?"

"నాకేం తెలుసు? ఇంగ్లీషులో అడిగింది. మహిళా సంఘంలో బ్యాంకు పిల్ల వచ్చి చెప్పిందిగా, ఫోన్ మిమ్మల్ని ఏమడిగినా వద్దనండి, మోసగాళ్ళు ఎక్కువయ్యారని. నేను రెండేళ్ళనుంచి అన్నిటికీ వద్దనే అంటున్నాను."

పెనియామినా రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "ఈ కంప్యూటర్‌కి ఫోటోలు చూపించమంటారా అని అడుగుతోంది పెద్దమ్మా! పొద్దుటినుంచీ మర్యాదగా అడుగుతూనే ఉంది!"

"మరి ఆ ముక్క సమోవన్‌లో అడగొచ్చుగా," అంది ఆమె ఏమాత్రం తగ్గకుండా.

ఈసారి అవునని నొక్కింది. తెర నిండా ఫోటోలు బిలబిలమని వచ్చి పడ్డాయి. చర్చి కోరస్ వాళ్ళవి, మనవడి పాదాలవి, ఆమె బొటనవేలివి లెక్కలేనన్ని. చివరకు దొరికింది. పెనియామినా దాన్ని పెద్దది చేశాడు.

చేమ ఆకుల మధ్య నల్లపంది, ఎడమ చెవి తెల్లగా, మూతి నిండా మట్టితో. అనుమానమే లేదు, అతనిదే.

"ఇప్పుడేమంటావు?" అంది పెద్దమ్మ విజయంగా.

అతను వంగి తెర మూలకు చూస్తున్నాడు. నేనూ వంగాను. విరిగిన కంచె సందులో, సగం లోపలా సగం బయటా, మచ్చలపంది ఒకటి నిలబడి ఉంది. మచ్చలపంది మా ఊళ్ళో ఒక్కటే, పెద్దమ్మది. మూడు వారాలుగా దొడ్లోంచి కాలు బయట పెట్టలేదని పెద్దమ్మ ఊరంతా చెబుతున్నది దాని గురించే. అరచేతంత ఫోన్‌లో అది ఆమె కంట పడలేదు.

పెద్దమ్మ కూడా వంగి, ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా చూసింది.

"ఆ మూల కత్తిరించడం వచ్చా నీకు?" అంది పెద్దమ్మ గొంతు తగ్గించి.

"వచ్చు."

"కత్తిరిస్తావా?"

"నువ్వు చెబితే కత్తిరిస్తాను," అన్నాడు పెనియామినా. వెటకారం లేదు. నిజంగానే చేసేలా ఉన్నాడు.

పెద్దమ్మ అతని తడిసిన చొక్కా వైపు చూసింది, చీపురుపుల్ల వైపు చూసింది. "వద్దులే. మొత్తం ప్రింటు తియ్యి. రంగుల్లో తియ్యి," అంది.

సభలో పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ రెండింటిలో దేన్ని తిట్టమంటావు లుపేసినా?"

"నల్లదాన్ని దొంగతనానికి తిట్టండి," అంది ఆమె. "మచ్చలదాన్ని దారి చూపించినందుకు."

పెద్దలు నవ్వి నవ్వి చాపల మీద వెనక్కి వాలారు. శనివారంలోగా ఇద్దరూ కలిసి కంచె కట్టాలన్నారు.

శనివారం నేనూ వెళ్ళాను. పెనియామినా గుంజలు పాతాడు, పెద్దమ్మ ప్రతి గుంజా వంకరగా ఉందంది. మధ్యాహ్నానికి కంచె నిలబడింది. పంది మేయగా మిగిలిన చేమదుంపలు ఆమె కొబ్బరిపాలలో వండి పెట్టింది. పెనియామినా రెండుసార్లు వడ్డించుకున్నాడు.

"నిదానంగా తినరా," అంది పెద్దమ్మ, గిన్నె అతని వైపు ఇంకాస్త జరుపుతూ.