గోడ మీద కుడిచెయ్యి

ఆ రోజు పొద్దున ఆకాశం కడగని మూకుడు అడుగులా ఉంది. జిడ్డుగా, బూడిదరంగుగా. వాన కురవడం లేదు, మానడమూ లేదు. ఎవరో మొహం మీద తుమ్మినట్టు సన్నటి తుంపర.

నేను రోజూ కంటే గంట ముందే బయలుదేరాను. టీచరమ్మ ఇంటి ప్రహరీగోడ మీద పట్టా కప్పాలి. నిన్న కట్టిన వరసలు ఇంకా పచ్చిగానే ఉంటాయి.

"ఆగు, పిన్ను పెట్టనీ" అంది మా ఆవిడ. చొక్కా కుడిచేతిని మడిచి భుజం దగ్గర పిన్ను పెట్టింది. నా కుడిచెయ్యి ఇప్పుడు భుజం కింద జానెడే. మోచేతి పైన ఎముకలో గడ్డ లేస్తే సుత్తి దెబ్బ అనుకుని ఆరు నెలలు కాపడం పెట్టుకున్న తెలివైనవాణ్ణి. క్యాన్సర్ అన్నారు, తీసేశారు. ఏడాదిన్నర దాటింది.

మిగిలిన ఆ మొండి చెమటకి పులుస్తుంది. పౌడరు చల్లితే విరిగిన పాల వాసన. స్నానంలో సబ్బు రుద్దేటప్పుడు తల పక్కకి తిప్పుకుంటాను. ఎవడిదో ఒళ్ళు తోముతున్నట్టు ఉంటుంది. మందుల నాటి ఇనుప రుచి నోట్లోంచి ఇప్పటికీ పోలేదు.

దానికంటే రోత, జనం. పలకరించడానికి వచ్చి కుర్చీ ముందుకు జరుపుకుని, "లేని చెయ్యి దురద పెడుతుందటగా, నిజమేనా?" అంటారు. నిజమే. చెప్పను. టీచరమ్మ అయితే నాతో గట్టిగా అరిచి మాట్లాడుతుంది, చెయ్యితో పాటు చెవులు కూడా కోసేసినట్టు.

సిమెంటు కొట్టు షావుకారు గేటు దగ్గర కాపలా పని ఇస్తానన్నాడు. స్టూలు మీద కూర్చుని లారీలకి గేటు తీయడం. శనివారంలోగా చెప్పమన్నాడు. ఆ రోజే శనివారం.

అన్నతో వారం కిందటే అనేశాను. "ఈ గోడ నేనొక్కణ్ణే ఎడమచేత్తో కడతాను. నిలబడితే మేస్త్రిని. లేకపోతే స్టూలెక్కుతాను."

"కట్టరా" అన్నాడు అన్న. నా కంటే పదేళ్ళు పెద్ద. తాపీ పట్టడం నాకు నేర్పింది వాడే.

నాలుగు రోజులు కట్టాను. ఒంటిచేత్తో ఇటుక పెట్టడమంటే, తాపీతో సిమెంటు మాలు పరవాలి, తాపీ కింద పెట్టాలి, ఇటుక తీయాలి, పెట్టాలి, మళ్ళీ తాపీ తీసి పిడితో తట్టాలి. రెండు చేతులవాడు నాలుగు పెట్టేలోపు నేను ఒకటి. రోజుకి నాలుగు వరసలు. సాయంత్రానికి ఒళ్ళు పిండైపోయేది. "నువ్వు వెళ్ళరా, సామాను నేను సర్దుకొస్తా" అనేవాడు అన్న. పొద్దున వచ్చి రసమట్టం పెట్టి చూస్తే బుడగ రెండు గీతల మధ్య బుద్ధిగా కూర్చుని ఉండేది.

"శభాష్ మేస్త్రీ!" అని టీచరమ్మ చప్పట్లు కొట్టింది. నిన్న ఇంటికెళ్ళి మా ఆవిడతో, "చెయ్యి తిరిగిందే" అన్నాను. "తిరుగుతుందని చెప్పాగా" అంది, పెనం మీంచి కళ్ళెత్తకుండా.

ఆ పొద్దున టీచరమ్మ ఇంటి దగ్గర పట్టా విప్పుతూ గోడకేసి చూశాను. తుంపర నీళ్ళు ఇటుకల సందుల్లో చుక్కలు కట్టి ఉన్నాయి. సందు మధ్యలో కాదు, పై వరసల్లో ప్రతి సందుకీ కుడి చివర.

పట్టా వదిలేశాను.

సందులో మాలు నింపి తాపీ మొనతో గీస్తాం. గీత ఆగిన చోట, తాపీ లేచేటప్పుడు, గోటి అంచంత మాలు పైకి లేస్తుంది. కుడిచేతివాడు గీస్తే అది కుడివైపు లేస్తుంది. ఎడమచేతివాడు గీస్తే ఎడమవైపు. ఈ సంగతి ఎవరూ చెప్పరు, ఇరవై ఏళ్ళు గోడలు తడిమితే వేలికి తెలుస్తుంది.

వేలు పెట్టి చూశాను. కుడి. పక్కది కుడి. దాని కిందది కుడి.

ఒక్క క్షణం, సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా చెయ్యే వచ్చి కట్టిపోయిందనుకున్నాను. లేని అరచెయ్యి దురద పెట్టింది కూడా. ఆ తర్వాత గోడ పక్కన కూర్చుని ఉమ్మేశాను. ఇనుము.

అన్న, వాడి వెనకాల గిలక వచ్చారు. గిలక మాకు మాలు కలిపే ఆవిడ. నూనె వెయ్యని గిలకలాంటి నోరు కాబట్టి ఆ పేరు.

"పొద్దున్నే గోడకి దిష్టి తీస్తున్నావా తమ్ముడూ?" అంది గిలక.

"నువ్వు కూడానా అక్కా?" అన్నాను.

ఆమె నోరు మూతపడింది. ఆ నోరు మూతపడటం నేను అంతకుముందు చూడలేదు.

అన్న తాపీ సంచి కింద పెట్టాడు. "ఎవరు చెప్పారు?"

"గీతలు చూసుకో. కుడివైపు లేచాయి. నా కుడిచెయ్యి ఆసుపత్రి వాళ్ళు కాల్చేశారు. మరి ఎవరిది?"

"మొదటి రోజు గోడ కడుపు ఉబ్బిందిరా. ఇటు వీధిలో పిల్లలు ఆడతారు. మీద పడితే?"

"నాకు చెప్పాలి."

"చెప్తే నువ్వు స్టూలెక్కేస్తావు."

"ఎక్కుతాను! అది నా ఇష్టం. సాయంత్రం నన్ను చంటిపిల్లాడిలా ఇంటికి పంపించి, నేను కట్టింది పీకి, నువ్వు కట్టి, పొద్దున నాకు చప్పట్లు కొడతారా? థూ. ఎవరెవరికి తెలుసు?"

గిలక కాళ్ళు చూసుకుంది. టీచరమ్మ కిటికీ తలుపు నెమ్మదిగా మూసుకుంది. పెనం మీంచి ఎత్తని మా ఆవిడ కళ్ళు గుర్తొచ్చాయి. ఊరంతా కలిసి నాకు స్నానం చేయించినట్టు ఒళ్ళు జలదరించింది.

"ఎన్ని వరసలు?" అన్నాను.

"మొదటి రెండు రోజులూ అన్నీ. మూడో రోజు మూడు. నిన్న రెండు."

"అబద్ధం."

"చూసుకోరా. నిన్నటివాటిలో పై రెండే నావి."

మోకాళ్ళ మీద కూర్చుని తడిమాను. పై రెండు వరసలూ కుడి. కింద రెండింటిలో అంచు ఎడమవైపు లేచింది. వంకరగా, లావుగా, పిల్లాడి అక్షరంలా. నావే. సంతోషం వస్తుందేమోనని చూశాను. రాలేదు. అన్న తీర్చిన గీతల మధ్య నా గీతలు ఎంగిలి పెట్టినట్టున్నాయి.

సుత్తి తీశాను.

"ఒరేయ్" అన్నాడు అన్న.

"చెయ్యి వేశావంటే చూడు."

పై రెండు వరసలూ ఒక్కో ఇటుకే లేపాను. ఇంకా పచ్చిగానే ఉన్నాయి, నాలుగు దెబ్బలకి ఊడొచ్చాయి. అంటిన మాలు గోకి, మళ్ళీ మొదలుపెట్టాను. గిలక ఎవరూ అడక్కుండానే మాలు కలిపి గమేళా నా ఎడమవైపు పెట్టింది. నాలుగు రోజులుగా కుడివైపే పెడుతోంది, అలవాటు కొద్దీ. నేనూ అడగలేదు.

అన్న తన పనికి పోలేదు. ఇసుక కుప్ప మీద కూర్చుని, చేతులు చంకల్లో దోపుకుని చూశాడు.

"ఆ మూల ఇటుక..." అన్నాడు ఒకసారి.

"నోరు కట్టేసుకో అయ్యా, నేను కట్టేసుకోలేదూ?" అంది గిలక.

మూల ఇటుక నిజంగానే వాలింది. తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ వాలింది. మూడోసారి మొండిని గోడకి ఆనించి ఇటుకను అదిమి పట్టాను. ఎడమచేతిలో తాపీ అలాగే ఉంది. ఆ పులిసిన కండ దేనికైనా పనికొస్తుందని నాకు తోచలేదు అంతవరకూ. పిన్ను గుచ్చుకుంది. చొక్కాకి మాలు అంటింది. అసహ్యంగానే ఉంది. ఇటుక మాత్రం కదల్లేదు.

మధ్యాహ్నానికి రెండు వరసలూ అయ్యాయి. రసమట్టం పెట్టాను. బుడగ ఎడమ గీతని ముట్టుకుంటూ నిలబడింది.

అన్న వంగి చూశాడు. గోడని అరచేత్తో నెట్టాడు, ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా.

"నిలబడుతుంది" అన్నాడు.

"వంకరే."

"వంకరే. నిలబడుతుంది."

"షావుకారుకి చెప్పు, స్టూలు ఇంకెవరికైనా ఇమ్మని. సాయంత్రం సామాను నేనే సర్దుతాను. నువ్వు ముందు వెళ్ళు."

"సరే" అన్నాడు.

తుంపర ఆగింది. గోడ వారగా ముగ్గురం కూర్చున్నాం. గిలక డబ్బాలు విప్పింది. రోజూ అన్న నా రొట్టె తీసుకుని ముక్కలు చేసి నా ముందు పెట్టేవాడు. ఆ రోజు చెయ్యి చాపాడు, మళ్ళీ వెనక్కి తీసుకుని తన రొట్టె తుంచుకున్నాడు. నా రొట్టె నా డబ్బాలో గుండ్రంగా అలాగే ఉంది.

డబ్బా మూతని మోకాలితో రొట్టె అంచు మీద నొక్కిపెట్టి, ఎడమచేత్తో లాగాను. తునిగింది. కూరలో సిమెంటు రుచి, ఇనుము రుచి. నమిలాను. అన్న తన డబ్బాలోకి చూస్తూ తిన్నాడు. గిలక గోడకేసి చూస్తూ తింది.