గడప చూపిన తెర

సత్తుపల్లిలో కంప్యూటర్ కొట్టు పెట్టుకున్న షాలేమ్‌రాజుకు సరుకు అమ్మడం కన్నా సలహా చెప్పడమంటేనే ప్రాణం. ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకోవడానికి రెండో తెర కావాలని పుష్పలత అడగగానే, బల్ల మీద రెండింటిని పరిచి పెళ్లిళ్ల పేరయ్యలా వాటి గుణగణాలు చెప్పుకుపోయాడు. రెండూ పలకంత పలచన. రెండింటికీ ఒక్క వైరు చాలు, కరెంటూ బొమ్మా అందులోంచే వస్తాయి. సంచిలో పడేసుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు.

"తేడా ఒక్కటే చెల్లె," అన్నాడు. "ఇది గ్లాసీ. అద్దం లెక్క మెరుస్తది, రంగులు మంచిగ కొడతయ్. గని ఎనక నుంచి ఎలుగు పడితే నీ మొహమే నీకు కనబడ్తది. ఇదేమో మ్యాట్. మెరుపు లేదు, రంగు గూడ జర తక్కువే. కండ్లకు మాత్రం సుఖం."

"ఏది తీస్కోమంటవ్ అన్నా?"

"రెండూ తీస్కపో. ఇంట్ల పెట్టి చూస్కో. నచ్చింది ఉంచుకొని ఇంకోటి వచ్చే సంతకు వాపస్ తీస్కరా. నువ్వేడికి పోతవ్."

నిజమే, ఎక్కడికి పోతుంది. దమ్మపేట దాటాక ఆయిల్‌పామ్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న గూడెం ఆమెది. కదలకుండా ఇంట్లోనే చేసుకునే ఉద్యోగం దొరికిందని మురిసిపోయిన పిల్ల. ఎక్కడెక్కడి అడవుల్లోనో చెట్లకు కట్టిన కెమెరాలు వాటంతటవే తీసిన ఫొటోలు ఆమెకు వస్తాయి. ఏ ఫొటోలో ఏ జంతువుందో చూసి రాయాలి. ఫొటో ఒక తెర మీద, రాత ఒక తెర మీద ఉంటేనే పని సాగుతుంది. ఒక్క తెర మీద అటూ ఇటూ మార్చుకుంటూ కూర్చుంటే కంపెనీ వాళ్లు నెమ్మది మనిషివని దెప్పుతున్నారు.

ఇంట్లో ఉండేది తనూ, తల్లి భీమక్కా. తండ్రి ఆదినారాయణ తప్పిపోయిన ఎద్దును వెతకబోయి, వాగు పొంగిన రోజున తిరిగి రాలేదు. ఎద్దు మాత్రం పొద్దు వాలేసరికి తనంతట తానే కొట్టంలోకి వచ్చి నిలబడింది. దాన్ని చూస్తే పుష్పలతకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రెండు వానాకాలాలు గడిచాయి. మనిషీ రాలేదు, శవమూ దొరకలేదు.

ఇంటి బయట ప్రాణం పోయినవాడు తనంతట తాను గడప దాటడని ఆ గూడెం నమ్మకం. చుట్టానికైనా పిలుపు ఉండాలి కదా. కట్టుకున్నది ఇంట్లో నిలబడి, పేరు పెట్టి లోపలికి పిలవాలి. బతికున్నన్నాళ్లూ మొగుడి పేరు ఎత్తని నోరు ఆ ఒక్కసారికే ఎత్తుతుంది. అప్పుడే అతను లోపలికి వచ్చి ఇంటి పెద్దల్లో కలుస్తాడు. ఆదినారాయణకు అన్న అయిన పగిడయ్య పండగ వచ్చినప్పుడల్లా ఈ మాట కదిపేవాడు. భీమక్క చెవిన పెట్టేది కాదు.

"పిలిస్తే సచ్చినోడైతడు బావా," అనేది. "వాగు ఎటు కొట్టుకపోయిందో, ఏ ఊర్ల పడి బతుకుతుండో. నా నోటితోని నేనెట్ల సంపుకుంట?"

పుష్పలత మాత్రం ఏం తక్కువ, బస్సు దిగిన ప్రతిసారీ టీ కొట్టు బల్ల మీద నాన్న కూర్చుని ఉంటాడేమోనని చూసేది.

ఆ ఇంట్లో కరెంటు ప్లగ్గు ఉన్నది ఒక్క వెనక గోడకే. అందుకని వాకిలికి వీపు పెట్టి కూర్చోవాలి. మొదట మ్యాట్ తెర పెట్టి చూసింది. పని సాఫీగా సాగింది, రంగులు మాత్రం ఉతికి ఉతికి వెలిసిన చీరలా అనిపించాయి. మర్నాడు మెరిసేదాన్ని తగిలించింది. జింక ఒంటి మీద చుక్కలన్నీ లేచి కనబడ్డాయి. పక్కన కూర్చుని ఇప్పపువ్వు ఏరుతున్న భీమక్క కూడా పని ఆపి చూసింది. "గిదే ఉంచుకో బిడ్డా," అని చెప్పి పుల్లలకు పోయింది.

తరువాత వచ్చిన ఫొటో దాదాపు నలుపు. చీకట్లో తీసినది, అందులో ఏమీ లేదు. ఆ నల్లటి తెరలో తన ముఖం కనబడింది, ముఖం వెనక వాకిలి వెలుతురు కనబడింది. ఆ వెలుతురులో, గడపకు అవతల, ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తలకు తువ్వాలు, ద్వారబంధం మీద ఒక చెయ్యి.

"ఎవరది?" అంటూ వెనక్కి తిరిగింది. వాకిట్లో కోళ్లు తప్ప ఎవరూ లేరు.

కళ్లు నులుముకుని ఇంకో ఫొటో తెరిచింది. పట్టపగటి అడవి, అడవిపంది. మనిషి లేడు. ఇంకోటి, నలుపు. మనిషి అక్కడే ఉన్నాడు, చెయ్యి కూడా తియ్యలేదు. మ్యాట్ తెర తగిలించి అదే ఫొటో పెట్టింది. ఉత్త నలుపు. మళ్లీ మెరిసేది పెట్టింది. ఉన్నాడు.

చదువుకున్న పిల్ల కనక, వెలుతురు చేసే చిత్రమేనని తనకు తాను చెప్పుకుంది. లేచిపోయి వాకిలికి అడ్డంగా దుప్పటి కట్టింది. ఇక వెలుతురే లేదు, చిత్రం ఎలా ఉంటుంది. వచ్చి కూర్చుని తెరలోకి చూసింది. దుప్పటి పొట్టిది, గడప దాకా అందలేదు. ఆ సందులో రెండు పాదాలు ఉన్నాయి. తడిసి ఉన్నాయి. చీలమండల దాకా వాగు బురద. కుడికాలి చిటికెన వేలు సగమే ఉంది. గొడ్డలి జారి ఆ వేలు తెగిన రోజున కట్టు కట్టింది పుష్పలతే.

ఈసారి వెనక్కి తిరగలేదు. నాన్న బతికి లేడని అప్పుడు తెలిసింది. భయం వేసింది. కన్నతండ్రిని చూసి భయపడుతున్నానని సిగ్గు కూడా వేసింది.

చాలాసేపటికి లేచి వైరు పీకేసింది. మ్యాట్ తెర చాలు. అందులో రంగులు లేకపోతే పోయె, ఎవరూ కనబడరు. దీన్ని షాలేమ్‌రాజుకు ఇచ్చేస్తే అమ్మకు ఎప్పటికీ తెలియదు, ఎప్పటిలాగే ఎదురుచూస్తూ బతుకుతుంది. కాని నాన్న బయటే నిలబడి ఉంటాడు. చూపిస్తే అమ్మకు మిగిలిన ఆశ కాస్తా పోతుంది. చూపించకపోతే నాన్నకు ఇల్లు ఉండదు. ఏది చేసినా ఒకరికి అన్యాయమే. బతికున్నవాళ్లే ముందు అనుకుని, మెరిసే తెరను అట్టపెట్టెలో పెడుతుండగా భీమక్క దుప్పటి ఊడదీసి పక్కన పడేసి లోపలికి వచ్చింది.

"ఏంది, సర్దుతున్నవ్?"

"ఇది వాపస్ ఇస్త అమ్మా. కండ్లు గుంజుతున్నయ్."

"పొద్దుగాల మంచిగనే చూసినవ్ గద. తియ్, నేనొకసారి చూస్త."

భీమక్కే పెట్టెలోంచి తెర తీసి బల్ల మీద నిలబెట్టింది. దానికి ఇంకా వైరు తగిలించలేదు. నల్లగా, మెరుస్తూ ఉంది. భీమక్క అందులోకి వంగి చూసింది. వంగినదల్లా అలాగే ఉండిపోయింది.

కేక పెట్టలేదు. వెనక్కి తిరగలేదు. పుష్పలత తిరగబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వెప్పుడు చూసినవ్?"

"ఇందాకనే."

"నాకెందుకు చెప్పలే?"

భీమక్క తెరనే చూస్తోంది.

"తడిసిండు," అంది.

"అవ్."

"రెండు వానలు. ఇంట్ల పొయ్యి ఎలుగుతనే ఉన్నది, నేను తింటనే ఉన్న. గీ మనిషిని బయట నిలబెట్టిన."

కొంగు తల మీదికి లాక్కుంది. నోరు తెరిస్తే అలవాటైన పిలుపే వచ్చింది. "ఏమయ్యా."

తెరలో మనిషి కదల్లేదు.

"గట్ల పిలిస్తే రాడు," అని తనలో తనే గొణుక్కుంది. పుష్పలత చేతి మీద ఆమె పట్టు బిగిసింది. కళ్లు గట్టిగా మూసుకుని, ఎన్నడూ నోట పలకని పేరు పలికింది.

"ఆదినారాయణా. లోపలికి రా."

తెరలో అతను ద్వారబంధం మీద చెయ్యి తీశాడు. ఆ ఇంటి వాకిలి పొట్టిది, ఎప్పుడూ వంగినట్టే తల వంచాడు. వాకిలి వెలుతురంతా ఒక్కసారి మూసుకుపోయింది. పుష్పలత మెడ వెనక చల్లటి గాలి తగిలింది, వాగు ఒండ్రు వాసన ఇల్లంతా నిండింది. ఆ తరువాత వెలుతురు మళ్లీ తెరుచుకుంది. గడప అవతల వట్టి వాకిలి, కోళ్లు, ఎండ.

భీమక్క కళ్లు తెరవలేదు. "వచ్చిండా?" అని అడిగింది.

రాలేదని చెప్పడానికి పుష్పలతకు ఇంకా వీలుంది. అంతా తెర చేసిన మాయ అని చెబితే అమ్మ నమ్ముతుంది. నమ్మాలనే ఉంది ఆమెకు.

"వచ్చిండు అమ్మా," అంది.

అని తెరను బోర్లించేసింది. లోపలికి వచ్చినవాడు ఇప్పుడు తమకు ఎంత దగ్గరగా నిలబడ్డాడో చూసే ధైర్యం ఆమెకు లేదు.

భీమక్క నేల మీద కూలబడి గొంతెత్తి ఏడ్చింది. ఏడుపు విని చుట్టుపక్కల ఇళ్ల వాళ్లు పరుగెత్తుకొచ్చారు. ముందు వచ్చినవాళ్లు ఇంట్లోంచి వస్తున్న వాగు ఒండ్రు వాసన తగిలి గడప దగ్గరే ఆగిపోయి, వెనక వచ్చేవాళ్లను చేతులడ్డం పెట్టి ఆపారు. ఏమైందని ఎవరూ అడగలేదు. ఆఖరికి పగిడయ్య పెళ్లాం ఒక్కతే లోపలికి వచ్చి, భీమక్క పక్కన కూర్చుని, మరిది అప్పుడే పోయినట్టు ఏడుపు అందుకుంది.