ఖాళీ బండి

నడిమి సీటులో అడ్డంగా, మోకాళ్ళు ముడుచుకుని, కుడి చెవి సీటుకు ఆనించి దిగంబర్ పడుకుని ఉన్నాడు. కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఏడు సీట్ల పెద్ద బండి భోకర్ రోడ్డు పక్క గుంతల్లో పడి లేచినప్పుడల్లా అతని బక్క ఒళ్ళు జానెడు ఎత్తు ఎగిరి పడుతోంది.

"కాకా, నిద్రపోయినవా ఏంది?" బండి నడుపుతున్న అభయ్ అడిగాడు.

"నువ్వు నడుపు సేట్."

నాందేడ్‌లో బండ్లు బాగుచేసేవాళ్ళకేం కొదవ లేదు. ఎవరైనా స్టీరింగ్ పట్టుకుని ఒక చక్కరు కొట్టి వచ్చి ఇదీ సంగతని చెప్పేస్తారు. దిగంబర్ మాత్రం బండి ఇచ్చినవాణ్ణే నడపమని తను వెనక పడుకుంటాడు. నడిపేవాడికి ఏం తెలుస్తుంది పాపం! గుంత వాడికి ముందే కనబడుతుంది, తెలియకుండానే ఒళ్ళు బిగబట్టుకుంటాడు. పడుకున్నవాడికి సీటు గుడ్డ తప్ప ఏమీ కనబడదు. వాడికి దెబ్బ దెబ్బలాగే తగులుతుంది. ఈ పద్ధతి అతనికి ఏ ఉస్తాదూ నేర్పలేదు.

ధడ్‌మంది బండి. నడుములో గునపం దిగినట్టయింది. దాని వెంటే, ఎప్పటిలాగే, చెవి పక్కన నర్మద "అయ్యో అమ్మా" అంది.

పన్నెండేళ్ళుగా అంటూనే ఉంది. ఏ బండి ఎక్కినా, ఏ గుంతలో పడ్డా. దిగంబర్ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పోయిన పెండ్లాం మూలుగు వినబడుతోందంటే వినేవాళ్ళు ఏమంటారు? తలకాయ తిరిగిందంటారు, అంతే కదా.

"ఆపు సేట్," అన్నాడు లేచి కూర్చుంటూ.

దిగంబర్‌కు యాభై ఏడేళ్ళు. ఎడమచేతి బొటనవేలు ఒకసారి స్ప్రింగు కింద నలిగి చెంచాలాగా చదునైపోయింది. గోళ్ళ సందుల్లోని గ్రీజు పెళ్ళికి ముందునుంచీ ఉన్నదే, పసుపు రాసిన రోజున కూడా పోలేదు. ఖాకీ చొక్కాకు మీది గుండీ ఉండదు. కూర్చుని లేచేటప్పుడు మోకాలి మీద చెయ్యి వేసుకుని, లోపల ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు ఒక్క క్షణం ఆగి లేస్తాడు. రోడ్డు పక్కనే బండి కిందికి దూరాడు. అయిదు నిమిషాలు కాళ్ళు మాత్రమే కనబడ్డాయి.

"యెనక స్ప్రింగులు ఎవలు మార్చిండ్రు?" లోపలినుంచే అడిగాడు.

"నేనే మార్పించిన. ఇత్తనాల బస్తాలేసుకోని ఊర్లు తిరుగుత గదా కాకా, యెనక కూలబడుతుండె. బరువు మోసేటియి ఏసిచ్చిన."

"పాతయి ఏడున్నయ్?"

"పాత ఇనుపసామానోనికి పోయినయ్."

దిగంబర్ బయటికి వచ్చి టైరు మీద చేత్తో కొట్టాడు. గాలి రాయిలాగా నిండి ఉంది. అభయ్ ముఖం చూశాడు. నలభై ఏళ్ళ మనిషి, ఏడిస్తే బాగుండదని పళ్ళు బిగించుకుని నిలబడ్డాడు.

అభయ్‌కు నాందేడ్‌లో విత్తనాల దుకాణం ఉంది. సొంతూరు గోదావరి ఒడ్డున బాబ్లీ. తల్లి ఇందుబాయి ఇరవై రోజులుగా ఇక్కడి ఆసుపత్రిలో ఉంది. జబ్బు వెన్నుపూసల్లోకి పాకింది. ఇక చేసేదేమీ లేదు, తీసుకుపొమ్మని డాక్టరు నిన్ననే చెప్పాడు. ఆమె అడిగేదీ అదే, ఇంటికి తీసుకుపో అని. మంచం అంచు తగిలినా కేకపెట్టే మనిషిని ఎనభై కిలోమీటర్లు ఎట్లా తీసుకుపోవాలి?

"ఆంబులెన్స్ల తెచ్చిననాడే సగం సచ్చింది," అన్నాడు అభయ్. "మల్ల అది ఎక్కనంటుంది. ఎట్లన్న చెయ్యి కాకా. నీ కాళ్ళు మొక్కుత."

గ్యారేజికి వచ్చాక యజమాని నిలేశ్ ఫోన్లు చేశాడు. మామూలు స్ప్రింగులు హైదరాబాద్ నుంచి రావాలి, రేపు సాయంత్రానికి గానీ రావు. రేపటిదాకా ఆమె ఉంటుందని డాక్టరు హామీ ఇవ్వలేదు.

"నాకు సమజైతలేదు కాకా," అభయ్ బండి వెనక తలుపు ఎత్తి చూపించాడు. "నిన్ననే సామానంత దించేసిన. ఆఖరి సీటు గుడ పీకేసిన. ఆమెకు జాగ అయితది, బండి తేలికగ పోతదనుకున్న. ముందటికంటె ఎక్కువ గుద్దుతున్నదేంది?"

దిగంబర్ అక్కడ పడి ఉన్న పాత టైరు మీద కూలబడ్డాడు.

పన్నెండేళ్ళ కింద, ఆ వానాకాలం, హిమాయత్‌నగర్ దగ్గరి తన ఊళ్ళో అతనికి సొంత జీపు ఉండేది. ఎక్కువ బరువు మోయాలని వెనక స్ప్రింగు పట్టీలు రెండేసి ఎక్కువ వేసుకున్నాడు, తన చేతులతోనే. నర్మదకు కడుపులో లేచిన నొప్పి మూడోనాటికి మనిషిని మెలితిప్పేసింది. జీపులో మోంఢా మార్కెట్టుకు పోవలసిన సోయాబీన్ మూటలు ఎనిమిది ఉన్నాయి. బావమరిదీ తనూ కలిసి ఉరుకులపరుగులతో ఎనిమిదీ దించారు. బొంత పరిచి ఆమెను పడుకోబెట్టి నాందేడ్ దారి పట్టాడు. బరువు కోసం బిగించిన పట్టీలు ఖాళీ బండిని బంతిలాగా ఎగరేశాయి. భోకర్ దాకా ప్రతి గుంతకూ ఆమె మూలిగింది. భోకర్ దాటాక మూలుగు ఆగింది. నొప్పి తగ్గిందనుకున్నాడు. సంతోషపడి ఇంకా ఉరికించాడు.

స్ప్రింగుల పనే బతుకైనవాడికి ఆ సంగతి తోచకపోవడమేమిటి! నాలుగు మూటలు ఉంచి వాటి మధ్య పడుకోబెట్టినా మెత్తగా పోయేది. కర్మకాండలన్నీ అయిపోయి, ఇంటి గోడకు ఆనించిన మూటలు చూసినప్పుడు తోచింది. జీపు అమ్మేసి నాందేడ్ చేరాడు. మళ్ళీ ఆ ఊరి మొహం చూడలేదు.

"బరువెయ్యాలె," అన్నాడు దిగంబర్ లేస్తూ.

"ఏంది?"

"ఇది బరువు మోసే స్ప్రింగు సేట్. ఖాళీగుంటె గుద్దుతది. బరువెయ్యి, మెత్తగైతది."

పక్కనే ఇల్లు కడుతున్నారు. ఇసుక కుప్ప దగ్గర ఖాళీ సిమెంటు సంచులున్నాయి. దిగంబర్ ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. సంచి నింపడం, మూతి కుట్టడం, భుజాన వేసుకుని తెచ్చి ఇరుసు మీదికి వచ్చేట్టు పరచడం, అన్నీ తనే. ఒక్కొక్క సంచి వేశాక చక్రానికీ పైరేకుకూ మధ్య వేళ్ళు పెట్టి చూశాడు. మొదట అరచేయి నిలువుగా పట్టినా ఇంకా సందు ఉంది. ఏడో సంచికి నాలుగు వేళ్ళు బిగువుగా పట్టాయి. ఇంకొక్కటి వేస్తే బండి అడుగు ఇరుసుకు తగులుతుంది. టైర్లలో గాలి కొంత వదిలాడు. తాళ్ళతో సంచుల్ని కదలకుండా కట్టాడు. మళ్ళీ వెనక పడుకుని, అవే గుంతల్లోంచి అభయ్ చేత నడిపించాడు.

బండి ఊగింది, ఊరుకుంది. ఎక్కడా ధడ్‌మనలేదు. నర్మద మాత్రం మూలిగింది. ఆమెకు స్ప్రింగులతో ఏం పని?

"నేను గుడ అస్త," అన్నాడు దిగంబర్.

నిలేశ్‌కు ఒళ్ళు మండింది. "రెండు బండ్లు జాకీ మీదున్నయి. నువ్వెందుకు పోవుడు? పని అయిపాయె గదా!"

"సంచులు జరిగితె ఎవలు సూస్తరు?"

నిలేశ్ పొమ్మని చెయ్యి ఊపాడు. పన్నెండేళ్ళలో ఈ మనిషి ఒక పూట సెలవు అడిగింది ఇదే మొదటిసారి.

ఆసుపత్రి దగ్గర ఇందుబాయిని దుప్పటితో సహా ఎత్తి, నడిమి సీటు మడిచి వేసిన పరుపు మీద పెట్టారు. తల వెనక వైపు, దిగంబర్ కూర్చున్న సంచుల వైపు. పిడికెడంత మనిషి. నుదుటి మీద పచ్చబొట్టు ముడతల్లో కలిసిపోయింది. బండి కదిలినప్పుడు ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని దెబ్బ కోసం కాచుకుంది. ముద్‌ఖేడ్ దాకా వేళ్ళు దుప్పటిని పట్టుకునే ఉన్నాయి. దెబ్బ రాలేదు. నెమ్మదిగా వేళ్ళు వదులయ్యాయి. తల వెనక ఎవరో ఉన్నారని అప్పుడు చూసింది.

"ఎవలు కొడుకా నువ్వు?"

"మేస్త్రీని అవ్వా. బండి మేస్త్రీని."

"మూటల మీద కూసున్నవేంది?"

"బండికి బరువుండాలె. అందుకని."

"నీ బరువు సుత బరువేనా? కోడి లెక్కున్నవ్!" అంది ఆమె. ముందు సీటులో అభయ్ నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆమె నడుం కిందినుంచి ఒక చిన్న నీలిగుడ్డ సంచి లాగింది. వక్కల సంచి. "ఇది కుచ్చుకుంటున్నది, పట్టుకో. అండ్ల సగం వక్కుంటది, తిను. నాకు పండ్లు లెవ్వు. వాసనకని పెట్టుకుంట."

దిగంబర్ తీసి చూశాడు. సగం వక్క ముక్కలు రెండున్నాయి. ఒకటి బుగ్గన పెట్టుకున్నాడు.

"పెండ్లాం పిల్లలేడుంటరు?"

ఎవరడిగినా లేరని చెప్పి ఊరుకునే మనిషి. ఇప్పుడు మాట దానంతటదే వచ్చింది.

"పిల్లలు కాలేదు. పెండ్లాం పోయింది అవ్వా. బండ్లనే. దవాఖానకు తెస్తుంటె. మూటలుండె బండిల, ఎనిమిది. నేనే దించిన. ఉంచితె గిట్లనే మెత్తగొస్తుండె." "నా చేతులతోనే దించిన," అన్నాడు.

ఇందుబాయి చూపు బండి కప్పు మీదికి పోయింది.

"ఎందుకు దించినవ్?"

"ఆమెకు జాగ కావాలె గదా."

"మరింక," అంది ఆమె. "ఆమె సూడంగనే గదా దించినవ్. ఆమె కోసమేనని ఆమెకెరుకనే."

అంతే అంది. కళ్ళు మూసుకుంది. దిగంబర్ మోకాళ్ళ మీద తల పెట్టుకుని, అభయ్‌కు వినబడకుండా ఏడ్చాడు. పన్నెండేళ్ళలో ఎవరి ముందూ రాని ఏడుపు, ముక్కూమొహం తెలియని ముసలమ్మ ముందు వచ్చింది.

ఉమ్రీ దాటాక రైలు పట్టాలు అడ్డం వచ్చాయి. అభయ్ వేగం బాగా తగ్గించాడు. చక్రాలు ఒక్కొక్కటే ఎక్కి దిగాయి. దిగంబర్ చెవులు రిక్కించాడు. నర్మద మూలగలేదు. ఇందుబాయీ మూలగలేదు.

అతను వంగి ముసలమ్మ ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. నుదుటి మీద పెట్టాడు. మళ్ళీ ముక్కు దగ్గర పెట్టాడు. ముఖం ప్రశాంతంగా ఉంది, పెదవి మూల ఒక్క ముడత కూడా బిగిసి లేదు.

"చప్పుడు లేదేంది కాకా? పడుకున్నదా?" అద్దంలోంచి చూస్తూ అభయ్ అడిగాడు.

ఆ రోజు భోకర్ దాటాక వచ్చిన నిశ్శబ్దం కూడా ఇదే. చెప్పాలి. చెబితే కొడుకు నడిరోడ్డు మీద బండి ఆపి గుండెలు బాదుకుంటాడు, ఆ తర్వాత ఎట్లా నడుపుతాడో దేవుడికే తెలియాలి. ఆమె అడిగింది ఇల్లు.

"ఆఁ, పడుకున్నది," అన్నాడు. "నిమ్మలంగ పోనియ్ సేట్. తొందర లేదు."

రెండు చేతులూ ఆమె తలకు ఇటూ అటూ పెట్టి, బాబ్లీ వరకూ అట్లాగే పట్టుకున్నాడు. ధర్మాబాద్ ఊళ్ళో మూలమలుపుల దగ్గర కూడా తల కదలనివ్వలేదు.

వాకిట్లో బండి ఆగింది. అభయ్ దిగి వచ్చి తలుపు తీశాడు. దిగంబర్ చేతుల్ని చూశాడు, తల్లిని చూశాడు.

"ఎప్పుడు?"

"ఉమ్రీ దాటినంక. నొప్పి గాలేదు సేట్. ఒక్కసారి గుడ అమ్మా అనలే."

అభయ్ తలుపు అంచుకు నుదురు ఆనించుకున్నాడు. ఇంట్లోవాళ్ళు వచ్చారు. ఏడుపులు లేచాయి. నలుగురు కలిసి ఆమెను దుప్పటితో సహా ఎత్తి లోపలికి తీసుకుపోయారు.

దిగంబర్ సంచుల మీదినుంచి దిగాడు. ఒళ్ళో పెట్టుకున్న నీలిగుడ్డ సంచి ఎవరికివ్వాలో తెలియక, ఆమె తల ఆనిన చోట దిండు మీద పెట్టి, ధర్మాబాద్ బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాడు. మధ్యాహ్నపు ఎండ తెరిచిన తలుపులోంచి బండిలోకి పడుతోంది. దిండు గుంటలో నీలిగుడ్డ సంచి మూతి విప్పి ఉంది, లోపల మిగిలింది ఒక సగం వక్క.