అన్నం మరిగిన బూజు

బియ్యం సగం ఉడకగానే కనకయ్య కుక్కర్ దించి, పలుకుగా ఉన్న అన్నాన్ని ప్లాస్టిక్ సంచుల్లోకి ఎత్తి, మూతులకు దూది బిగించాడు. మళ్లీ ఆవిరి పట్టి చల్లారాక ఒక్కో సంచిలో చిటికెడు తెల్లబూజు వేయాలి. వారం పది రోజుల్లో పిండిలా కమ్ముకునే ఆ బూజు అరకు కాఫీ తోటలకు పోతుంది. కాయ తొలిచే నల్లపురుగుకు అంటుకుని, ఒంట్లోకి దిగి చంపుతుంది. పంజగుట్ట సందులో, మూడో అంతస్తులో పద్దెనిమిదేళ్లుగా ఏదో ఒక బూజు పెంచడమే పని. నీళ్లలో నాని వేళ్ల సందులు పాసిపోయాయి, నడుం వంగింది. ఈ రోజుతో ఉద్యోగం ఆఖరు.

అసలు ఆ బూజును పట్టుకొచ్చిందే కనకయ్య. తొమ్మిదేళ్ల కిందట అరకులో ఒక కాయను గోటితో చీల్చి, తెల్లటి నూగు పట్టి చచ్చిన పురుగును అగ్గిపెట్టెలో వేసుకొచ్చాడు. యజమాని అచ్యుతరావు దానికి తన పేరు పెట్టుకున్నాడు. పెట్టుకుంటే పెట్టుకున్నాడు. పోయిన ఉగాదికి పేపరువాళ్లు ఫొటో తీస్తుంటే, "టీ ఇచ్చే మనిషివి, అలా పక్కకి జరగవయ్యా" అన్నాడు. ఆ మాట కనకయ్య మరిచిపోలేదు.

బూజుతో ఒక చిక్కుంది. నెలల తరబడి అన్నం మీదే పెంచితే దానికి బద్ధకం పడుతుంది. చూడ్డానికి ఒత్తుగా, తెల్లగానే ఉంటుంది గానీ చంపే కసి పోతుంది. అప్పుడప్పుడు బతికున్న పురుగుల మీద వదిలి, చచ్చినదాని ఒంటి మీంచి కొత్త విత్తు తీయాలి. అందుకే కనకయ్య మూలగదిలో కాసిని పురుగుల్ని సాకేవాడు. "చంపే కంపెనీలో పురుగుల్ని మేపడమేంటయ్యా? అవతల పారెయ్!" అని అచ్యుతరావు కసిరినా, అరగంట ముందొచ్చి మరీ మేపేవాడు. ఫొటో తీసిన నాటి నుంచి పురుగుల్ని మేపాడే గానీ, వాటి మీంచి విత్తు తీయడం మానేశాడు. ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం తలుపు వేసుకుని పురుగుల డబ్బా తెరిచాడు. పది రోజుల కిందట సంచిలోని బూజు పూసి వదిలినవి ఇరవై. ఇరవైకి ఇరవై నడుస్తున్నాయి. కనకయ్యకు నవ్వు ఆగలేదు.

"మస్తు మేసిర్రు. ఇగ చాలు," అని వేడినీళ్ల చెంబు అందుకున్నాడు. అగ్గిపెట్టెలో పురుగును తెచ్చిన రోజు అరకు తోటలో తనకు అంబలి పోసిన ముసలమ్మ గుర్తొచ్చింది. ఆమె కాయలు కూడా పోతాయి. చెయ్యి ఆగింది. తర్వాత పురుగులన్నిటి మీదా చెంబు వంచాడు. ఇక విత్తుకు కసి తెప్పించే పురుగు ఆ గదిలో ఒక్కటీ లేదు.

సాయంత్రం కనకయ్యకు వీడ్కోలు శాలువా కప్పాక అచ్యుతరావు ఫ్రిజ్ తెరిచి, విత్తు ఉన్న గాజుగొట్టం వెలుగులోకి ఎత్తి చూశాడు. "ఎంత బాగా పెంచావయ్యా!" పద్దెనిమిదేళ్లలో మొదటి మెప్పు అది. "నాకు ఇంకేమైనా చెప్పాలా?"

"ఏం లేదు సార్. అంత ఆడనే ఉన్నది. జర పైలం."

కనకయ్య మెట్లు దిగి అమీర్‌పేట షేర్ ఆటో ఎక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

పైన ఫ్రిజ్‌లో, గాజుగొట్టం నిండా బూజు తెల్లగా, ఒత్తుగా, ముద్దొచ్చేలా ఉంది.