ఆకుపచ్చ గీత

దగ్గరకు జరగండి తల్లీ, ఆ దిండు నడుముకు పెట్టుకుని కూర్చోండి. పరుగెత్తి పరుగెత్తి ఒకనాడు నడవడం మొదలుపెట్టిన కోడలి సంగతి చెబుతాను.

ఆ కోడలు తెల్లారేసరికి వంట ముగించి, మామగారి మందులు మంచినీళ్ళ పక్కన పెట్టి, బట్టలు ఆరేసి, మిగతావాళ్ళు కళ్ళు నులుముకునే వేళకు చెప్పుల్లో కాళ్ళు పెట్టేది. ఒకరోజు మొగుడు ఇస్త్రీ లేని చొక్కా చేతికిచ్చాడు. టైము లేదంది. "నీకా? నువ్వు చెయ్యి పెడితే ఎంతసేపే" అన్నాడు ముద్దుగా. ముద్దుగా అన్నాడు కదా అని అదీ చేసేసి పరుగున బస్సెక్కింది.

ఆమె పని ఊరి చివర రేకుల గోడౌనులో. జనం ఫోన్లో కొనుక్కున్న వస్తువులను అరల్లోంచి తీసి బుట్టలో వెయ్యాలి. మణికట్టుకు కట్టిన చిన్న మిషను ఏ వరసకు వెళ్ళాలో చెబుతుంది. చెప్పీ చెప్పగానే దాని అద్దం మీద ఆకుపచ్చ గీత ఒకటి సాగి, వెంటనే కరగడం మొదలుపెడుతుంది. అది కరిగిపోయేలోపు వస్తువు చేతికి రావాలి. రాకపోతే ఎర్రబడుతుంది. ఎర్రగీతలు ఎక్కువైనవాళ్ళను మర్నాటి నుంచి రావద్దంటారు. మన కోడలికి ఎప్పుడూ ఎర్రబడలేదు. అందుకే అందరూ ఆమెను జింక అనేవాళ్ళు. ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వంగానే ఉండేది.

జింకకు ఒకటే ఆరా. ఈ గీత గీసేదెవరు? అన్నాల దగ్గర అడిగింది.

"మిషనే గీస్తుంది" అంది ప్యాకింగు పిల్ల.

"మిషనుకేం తెలుసే మన మోకాళ్ళ సంగతి? పైన ఏసీలో ఎవరో పెద్దమనిషి ఉండి ఉంటాడు. మా ఆయన లాంటివాడే. మంచం దిగకుండానే, నీళ్ళు తేవడానికి ఇంతసేపా అంటాడు" అంది సీసాల అక్క. అందరూ పడీపడీ నవ్వారు.

సీసాల అక్క అందరిలోకీ పెద్దది. ఆమె వరసలో గాజు సీసాలు, బరువైన డబ్బాలు ఉంటాయి. రెండు చేతులా దించుకోవాలి, పరుగెత్తితే పగులుతాయి. జింక తీసేవి మెత్తటి బట్టలు. గీత మాత్రం ఇద్దరికీ ఒకటే. ఈమధ్య అక్క మిషను తరచూ ఎర్రబడుతోంది. ఇంకొక్క హెచ్చరిక వస్తే పని పోయినట్టే.

ఆ మధ్యాహ్నం సూపర్‌వైజరు జింకను పిలిచి, ఇలాగే చేస్తే నెలాఖరుకు పర్మినెంటు చేస్తాం, జీతం పెరుగుతుంది, సెలవులొస్తాయి అన్నాడు. ఆమె సంతోషపడింది గానీ ఆరా ఆగలేదు.

"సార్, నేను చేరినప్పటికంటే ఇప్పుడు గీత పొట్టిగా ఉంది. ఎవరు కోశారు?"

అతను నవ్వాడు. "ఇంకెవరమ్మా, నువ్వే. బాగా పరుగెత్తేవాళ్ళ వేగం చూసి మిషను అందరికీ గీత గీస్తుంది. అందుకేగా నువ్వంటే మాకింత మంచి అభిప్రాయం."

జింక వరసలోకి తిరిగొచ్చి నిలబడిపోయింది. తన కాళ్ళే కత్తెరై అక్క గీతను కోస్తున్నాయా? ఆ ఆలోచన అక్కడ ఆగలేదు, బస్సెక్కి ఇంటిదాకా వచ్చింది. పెళ్ళైన కొత్తలో అత్తగారు కూరలు తరిగేది. మొగుడు తన బట్టలు తానే మడతపెట్టుకునేవాడు. అవన్నీ ఎప్పుడు ఆగాయి? వాళ్ళు లేచేలోపు తాను ముగించడం మొదలుపెట్టినప్పుడు. మొగుడు ఎంతసేపే, ఎంతసేపే అంటే మెచ్చుకోలనుకుంది. వాళ్ళు లేచేసరికే అయిపోయిన పనికి వాళ్ళ లెక్కలో అసలు కాలమే పట్టలేదు మరి. అక్కడ మిషను గీస్తున్న గీతే ఇక్కడ మనుషులూ గీశారు. రెండింటికీ కొలత తన పరుగే.

మర్నాడు అక్కకు జరిగింది చెప్పి, "ఇవాళ్టి నుంచి నడుస్తాను" అంది.

"పిచ్చిదానా, నీ పర్మినెంటు పోతుంది. నా సీసాలతో నేనేదో తంటాలు పడతాలే."

"రేపు నాకంటే కుర్రది వస్తే నేనూ సీసాల అక్కనే కదా. అప్పుడెక్కడికని పరుగెత్తను?"

ఆ మాట వరసవరసకూ పాకింది. ప్యాకింగు పిల్ల నడిచింది, పక్క వరసవాళ్ళు నడిచారు. సూపర్‌వైజరు వచ్చి, "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు.

"బాగానే ఉంది సార్. అందుకే నడుస్తున్నా."

నెలాఖరుకు జింకకు పర్మినెంటు కాగితం రాలేదు. కానీ మొదట్లో అందరికీ ఎర్రబడినా, అందరినీ ఒకేసారి రావద్దనలేకపోయారు. కొలవడానికి పరుగు లేక గీత రోజురోజుకీ కాస్త కాస్త సాగింది. ఒకరోజు సీసాల అక్క సీసా దించి, బుట్టలో నిదానంగా పెట్టి చూసుకుంటే అద్దం మీద ఇంకా పచ్చగా ఉంది. ఆ చెయ్యి జింక వైపు ఎత్తి చూపించింది.

ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇంకా కాలేదేం అమ్మాయ్?" అంది. జింక కూరలు తరుగుతూనే, గొంతు పెంచకుండా జవాబిచ్చింది.

"ఈ పనికి ఇంతసేపు పడుతుంది, అత్తయ్యా."

అత్తగారు లోపలికొచ్చి, రెండో కత్తి ఎక్కడుందని అడిగింది.

ఇది గుర్తుంచుకోండి తల్లీ. ఎక్కడైనా ఒక పిల్లను ఎంత చురుకో అని తెగ మెచ్చుకుంటుంటే, పక్కకు పిలిచి కూర్చోబెట్టి, జింక నడిచిన సంగతి చెప్పండి. తొందరపడకుండా, నిదానంగా చెప్పండి.