నీటి గళ్ళ కాగితం

యాలాల్ దగ్గర కొత్తగా కట్టిన చెరువు కట్టకు జనార్దన్ ఓవర్సీరు. మర్పల్లి మనిషి. హైదరాబాదులో గణితం ఎమ్మే సగంలో వదిలేసి నౌకరీలో చేరాడు గానీ, గణితం మాత్రం అతన్ని వదల్లేదు. కట్ట కింది మట్టిలో నీరు ఏ దారిన ఊరుతుందో కాగితం మీద గళ్ళుగా గీయడం అతని పిచ్చి. నీరు నడిచే గీతలూ ఒత్తిడి గీతలూ ఒకదాన్నొకటి సరిగ్గా లంబకోణంలో కోయాలి. గళ్ళు సాగినా, వంకరపోయినా, మూలలు మాత్రం చెదరకూడదు. కన్ఫార్మల్ జ్యామితి అంటారు దాన్ని. ఇంజనీరుగారు రెండు లెక్కలు వేసి పంపవయ్యా అంటే, ఈ మహానుభావుడు మూడు నెలలు చెరిపి గీసి, చెరిపి గీసి, కాగితానికి చిల్లు పడేదాకా తెచ్చాడు.

అందులో అతనికి ప్రాణంలాంటి సంగతి ఒకటుంది. అంచులు తెలిస్తే చాలు, లోపల ప్రతి చుక్క దగ్గర నీరేం చేస్తుందో తేలిపోతుంది. ఇంకోలా ఉండటానికి వీల్లేదు. అంచుల కోసం రెండు గుంతలు తవ్వించాడు, అడుగున రాయి తగిలింది. అక్కడ లావుపాటి గీత గీసి, ఇక్కణ్ణుంచి నీరు దిగదని రాసుకున్నాడు.

కట్ట దిగువన నాగవ్వ ఇల్లు. వాకిట్లో నిలువెత్తు గొయ్యి తవ్వి, లోపల గడ్డి పరిచి, ఏడాది జొన్నలు అందులో పోసి మూత పెడతారు. అదే పాతర. ముసలామె, కోడలు, ముగ్గురు మనవరాళ్ళు సంవత్సరమంతా తినేది అవే. పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలం మొదట్లో ఆమె అతని దగ్గరకొచ్చింది.

"సారూ, చెరువు నిండితె నా పాతరకు తడి వస్తదా? వస్తదంటె జొన్నలు బంట్వారంల మా తమ్మునింట్ల వోసుకుంట."

జనార్దన్ సంబరంగా కాగితం పరిచాడు. "గీడికి నీళ్లు రావవ్వా. కట్ట పక్కన గీ కాల్వలనే వడ్తయ్. ఫికర్ జేయకు."

"నువ్వు జెప్పినవంటె అయిపాయె," అని ఆమె వెళ్ళి పాతర మూసేసింది.

శ్రావణంలో ముసురు పట్టి అయిదు రోజుల్లో చెరువు నిండింది. కట్టకు రాళ్ళు పేర్చడానికి తాండూరు గనుల నుంచి వచ్చిన జహంగీర్, వానకు ఓవర్సీరు గుడిసెలో తలదాచుకుని ఆ కాగితం చూశాడు. ఈ లావు గీత ఏమిటని అడిగాడు.

"రాయి. దాంట్లకు నీళ్లు పోవు."

"పోకుంటేంది సాబ్! గిది తాండూర్ బండ. పొరలు పొరలుగ ఉంటది. మేం పలుగు వెట్టేదే పొర సందుల. వానకాలం గని ఎందుకు బంద్ అయితది? గా సందులకెల్లే నీళ్లొస్తయ్. మస్తు దూరం నడుస్తయ్."

జనార్దన్ ఆ లావు గీత వైపు మళ్ళీ చూశాడు. అంచు తప్పయితే లోపలి గడి ఒక్కటీ మిగలదు. ఇన్నాళ్ళూ మురిసిపోయిన సూత్రమే ఇప్పుడు గొంతు పట్టుకుంది. వానలోనే నాగవ్వ వాకిట్లోకి పరిగెత్తాడు. కాలి కింద మన్ను మెత్తగా దిగుతోంది.

"పాతర తియ్యాలె అవ్వా, ఇప్పుడే."

"గింత వానల మూత దీస్తె ఉన్నయి గూడ పోతయ్ సారూ. యాడ వోయాలె? ఇల్లంత ఉరుస్తున్నది. మూత దీసి ఒక పొద్దు గాలి తగలనియ్యకుంట దిగినోడు లోపటి విషగాలికి మల్ల పైకి రాడు."

ఆమె చెప్పిన ప్రతి మాటా నిజమే. ఇక మిగిలింది చెరువు నీళ్ళు వదలడం. రైలెక్కి వికారాబాద్ వెళ్ళి ఇంజనీరు కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆయన ఫైలు తెరిచి, జనార్దన్ పంపిన ఆ కాగితం నకలు బయటికి తీశాడు.

"ఎంత ముచ్చటగా గీశావయ్యా! పైవాళ్ళు కూడా మెచ్చుకున్నారు."

"అది తప్పు సార్."

"లెక్క తప్పా?"

"లెక్క కరెక్టే సార్. కింద రాయి..."

"కట్ట తెగుతుందా?"

జనార్దన్ అబద్ధం ఆడలేకపోయాడు. "తెగదు సార్."

"మరేం పోతుంది?"

"ఒక పాతర సార్."

ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. నీళ్ళు వదిలితే నాట్లకు ఎవరిస్తారని అడిగి ఫైలు కట్టేశాడు. తిరుగు రైల్లో జనార్దన్ కిటికీ పక్కన కూర్చుని, ఎవరూ చూడకుండా ఏడ్చాడు.

ముసురు పట్టిన తొమ్మిదో రోజు ఎండ కాసింది. మూత తీసి పొద్దంతా గాలి తగలనిచ్చి, సాయంత్రం జొన్నలు పైకి తోడారు. పైవి మొలకలెత్తాయి. కిందివి నల్లబడి ముద్దయ్యాయి. పుల్లటి కంపు వాడంతా పాకింది. కోడలు నెత్తి కొట్టుకుని ఏడ్చింది. నాగవ్వ ఏడవలేదు. పిడికెడు జొన్నలు దోసిట్లో పోసుకుని జనార్దన్ ముందుకొచ్చింది.

"ఎండవెడ్తె తినొస్తదా సారూ?"

"నాకు ఎరుక లేదవ్వా," అన్నాడు.

ఆమె అతని మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపమైనా ఉంటే బతికిపోయేవాడు.

"చదువుకున్నోనివి, నీకే ఎరుక లేకుంటె మేమింకెవర్ని అడగాలె సారూ?" అంది.