ఫ్రెంచి బొమ్మలో పిల్ల పళ్ళు

“పకోడీలు మెత్తబడిపోనాయి” అని కేకేశారు మావారు వసారాలోంచి. కరకరలాడుతుంటేనే పంపేను. అవి మెత్తబడేదాకా సినిమా గురించి వాదించుకున్నది వాళ్ళు. పైగా ఆ మాట అన్నది నీలవేణి టీచరు ముందు. “అబ్బే, బావున్నాయండీ” అందావిడ. నా పకోడీల తరఫున ఆవిడ మాట్లాడేసరికి ఇంకా మండింది నాకు.

మావారు జగన్నాధం మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెబుతారు. ఈ విజయనగరంలో సినిమా సొసైటీ ఒకటి పెట్టి, దానికి కార్యదర్శి అయ్యేరు. నెలకో ఆదివారం పొద్దున్న హాలు తీసుకుని దేశదేశాల బొమ్మలు ఆడిస్తారు. సాయంత్రం మా వసారాలో చేరి ఎవరి అభిప్రాయం వాళ్ళు చెప్పుకుంటారు. నీలవేణి టీచరు ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెబుతుంది. పెళ్ళి కాలేదు. చేతికి నల్లపట్టా వాచీ. ఇంట్లో నాతో “ఏటే, ఎక్కడ సచ్చేవు” అనే మనిషి, ఆవిడ రాగానే “మీరేమంటారు నీలవేణి గారూ?” అంటారు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన నన్నడిగినవి మూడే. ఉప్పేసేవా, తలుపేసేవా, అమ్మకి మందేసేవా.

నాకు ఎప్పుడూ ముందు చెడ్డే తోస్తుంది. మా కూతురు అమ్మడు దగ్గితే క్షయ అనుకుంటాను. ఫిల్ము తొందరగా అంటుకుంటుందని ఎవరో అన్నారని, ఆయన మంచం కింద పెట్టిన సినిమా రీళ్ళ డబ్బాల మీద తడిగోనె కప్పి తిట్లు తిన్నాను. అలాంటిదాన్ని, ఆదివారం ఆదివారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుంటుంటే ఊరుకుంటానా? నన్నూ అమ్మడునీ పాతపట్నం బస్సెక్కించి, మా నాన్న ఇంటి ముందు పెట్టెతో సహా దింపేసినట్టు కళ్ళకి కట్టేది. ఆవిడ వచ్చి నా వంటింట్లో వాచీ విప్పి గూట్లో పెట్టుకున్నట్టు కూడా.

అందుకే ఈసారి ఫ్రెంచి ప్రేమకథ అనగానే నేనూ వస్తానన్నాను.

“నీకేటి తెలుస్తాదే అందులో?” అన్నారు.

“అమ్మడు సరదా పడతంది” అన్నాను. నిజానికి నేను వెళ్ళింది వాళ్ళిద్దరినీ చూడ్డానికి.

తీరా చూస్తే తెర కింద ఇంగ్లీషు అక్షరాలు లేవు. మద్రాసునుంచి రావలసిన కథ కాగితం దారిలో ఎక్కడో పోయిందట. ఆ వేళ హాల్లో అందరం ఒకటే, భాష రానివాళ్ళం. ముందు వరసలో ఆయన ఒక కొసన, నీలవేణి టీచరు ఇంకో కొసన కూచున్నారు. కాసేపు వాళ్ళని కాపలా కాసేను. మధ్యలో నలుగురు మగాళ్ళున్నారు కదా అని మనసు నిమ్మళించేక బొమ్మ చూసేను.

సముద్రం పక్క ఊరు. మన భీమిలి లాంటిది. ఒకావిడ లాండ్రీ కొట్లో బట్టలు ఇస్త్రీ చేస్తుంది. చిన్న కూతురు. వయొలిన్ వాయించేవాడొకడు వస్తాడు. ఇద్దరూ గట్టు మీద నడుస్తారు, నవ్వుకుంటారు. ఆ తర్వాత ఆవిడ మొగుడు పెట్టె పట్టుకుని ఓడెక్కి పోతాడు. పిల్ల ఏడుస్తూ చెయ్యూపుతుంది.

అక్కడే నాకు తేడా కొట్టింది. గట్టు మీద వయొలిన్‌వాడు నవ్వించినప్పుడు ఆ పిల్లకి పై రెండు పళ్ళూ లేవు. ఓడ దగ్గర ఏడ్చినప్పుడు పళ్ళున్నాయి. అవి ఊడి మళ్ళీ వచ్చినవి కావు. కొత్తగా వచ్చే పళ్ళు పలకల్లా వెడల్పుగా, అంచు రంపంలా ఉంటాయి. ఇవి బియ్యపు గింజలంత. పాలపళ్ళు. నాకెందుకు కనబడ్డాయంటే, నా ఒళ్ళో ఉన్న అమ్మడుకి పై పళ్ళలో ఒకటి అదివరకే ఊడింది, రెండోది అప్పుడు ఊగుతోంది. మింగేస్తుందేమో, గొంతుకి అడ్డం పడుతుందేమో అని దాని నోట్లోంచి కళ్ళు తీసి తెర మీద పెట్టడం, తెర మీంచి తీసి దాని నోట్లో పెట్టడం. చివరికి హాల్లోనే ఊడింది. పేడముద్దలో పెట్టి ఇంటి పెంకుల మీదకి విసరాలి కదా అని కొంగున ముడేసుకున్నాను.

మధ్యాన్నం అన్నం వడ్డిస్తూ చెప్పేను. “ఏటండీ, రీళ్ళు ముందూ వెనకా ఏసీసినట్టున్నారు. ఆ మొగుడు ముందే పోయేడు. ఆవిడ ఏళ్ళ తరబడి ఎదురుసూసింది. వయొలినాయన తరవాతొచ్చేడు. ఆ పిల్ల పళ్ళు సూసేరా?” కొత్త పళ్ళెలా ఉంటాయో కూడా చెప్పబోయేను.

“పళ్ళు సూడ్డానికెళ్ళేవేటి సినిమాకి? మజ్జిగ పొయ్యి” అన్నారు.

ఇప్పుడు వసారాలో ప్లీడరు కొండబాబు గారు గొంతు పెంచేరు. “మొగుడు ఊరికే ఓడెక్కేడా? ఈవిడ ఆ వయొలిన్‌గాడితో తిరగబట్టే కదా! సిగ్గులేని మనిషి.”

“సిగ్గు లేదనకండి, ధైర్యం అనండి” అంది నీలవేణి టీచరు. “ప్రేమ కోసం కాపురాన్నే వదులుకుంది.”

వంటింట్లో వాయి తీస్తూ నవ్వుకున్నాను. ఆవిడేమీ వదులుకోలేదు. ఆవిణ్ణే వదిలేసి పోయేడు.

అప్పుడు మావారు గొంతు సవరించుకున్నారు. “నాకొకటి తోచిందండీ. రీళ్ళు తారుమారయ్యాయి. భర్తే ముందు వెళ్ళిపోయాడు. ఆ పాప పళ్ళు గమనించారా మీరెవరైనా?”

“అబ్బ! ఎంత నిశితంగా చూశారండీ!” అంది నీలవేణి టీచరు.

చిల్లుల గరిటె నా చేతిలో ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆవిడ ఆయన్ని ఎత్తుకుపోతుందని భయపడ్డాను. నా కళ్ళతో చూసినదాన్ని ఎత్తుకెళ్ళి ఆవిడకి అర్పించింది ఆయన. ఒక్కసారిగా నాకు ఆయన మీద కూడా ఈర్ష్య పుట్టింది. ఆ మెప్పు నాది. ఆ కళ్ళు పెద్దవి చేసుకుని ఆవిడ చూడవలసింది నన్ను.

కొండబాబు గారు ప్లీడరు కదా, వదలలేదు. “ఆగండి మాస్టారూ. ముందు బోసినోరు, తర్వాత పళ్ళు. ఊడినవి మళ్ళీ రావా? మనం చూసిన వరసే సరైందేమో!”

కొత్త పళ్ళెలా ఉంటాయో నేను చెప్పబోతే మజ్జిగ పొయ్యమని ఆయన ఆపేసిన మాటే దానికి జవాబు.

“మీ అమ్మడుదీ ఆ వయసే కదండీ” అంది నీలవేణి టీచరు. “దానికి ఏ పళ్ళు ఊడాయి?”

“దానికి... కిందవి.”

గుమ్మంలో నిల్చున్న అమ్మడు కిసుక్కున నవ్వింది. పైన రెండూ ఖాళీ. కింద కొత్త పళ్ళు వచ్చి మూడు నెలలైంది.

ఆయన వంటింటివైపు చూశారు. నీలవేణి టీచరు ఆయన్ని చూసింది, తర్వాత ఆయన చూస్తున్న వైపు చూసింది.

బాణలి దింపేను. పొయ్యి ఆర్పేను. ఆరిందో లేదో మళ్ళీ వంగి చూసేను. చేతులు తుడుచుకుని వసారాలోకొచ్చేను.

“టీ అయిందేటి?” అన్నారాయన.

నీలవేణి టీచరు పక్క కుర్చీ మీది తన సంచీ తీసి కింద పెట్టుకుంది. “మీరేమంటారు లక్ష్మణమ్మ గారూ?”

కూచున్నాను. కొంగు ముడి విప్పి, బియ్యపు గింజంత పన్నుని పకోడీల పళ్ళెం పక్కన పెట్టేను. అమ్మడుని దగ్గరకి లాక్కుని కింది పెదవి కొంచెం వంచేను, కొత్త పళ్ళు అందరికీ కనబడేలా.

“ఆ పిల్ల పళ్ళు సూసింది నేనండి” అని మొదలుపెట్టేను.